203.2ని దేనితో భాగించాలి? 1/16 బుల్డోజర్ మోడల్‌కి కొలతలు కుదించిన అనుభవం

మొదట 1/14 అనుకున్నాను. రిమోట్ లారీ మోడళ్ళు చాలావరకు ఆ స్కేల్‌లోనే వస్తాయి, డోజర్‌ని వాటి పక్కన నిలబెడితే జోడు కుదురుతుందని లెక్క. హుడ్డు, క్యాబిన్, బ్లేడు అన్నీ కాగితం మీద గీసేశాక ట్రాక్ (టైర్లకి బదులు బండి కింద తిరిగే ఉక్కు పలకల గొలుసు) దగ్గర పని ఆగిపోయింది. అసలు యంత్రం ట్రాక్ పిచ్, అంటే ఒక పిన్ను నడిమి నుంచి పక్క పిన్ను నడిమికి దూరం, 203.2 మి.మీ. దాన్ని 14తో భాగిస్తే 14.51. ఆ పిచ్‌తో చైన్ బెంగళూరు ఎస్.పి. రోడ్డు మొత్తం గాలించినా దొరకదు, ఎందుకంటే అలాంటి చైన్ ఎవరూ తయారు చేయరు. గీసినదంతా పక్కన పడేయాల్సి వచ్చింది.

అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు చెప్పేది ఇదే: స్కేల్‌ని మనం ఎంచుకోం, మన చేతితో చేయలేని భాగం ఎంచుకుంటుంది. డోజర్‌లో ఆ భాగం ట్రాక్. రేకు ఏ కొలతకైనా కోసుకోవచ్చు, లేత్ మీద చక్రం ఏ వ్యాసానికైనా తిప్పించుకోవచ్చు. ఎనభై లింకులు ఒకే పిచ్‌తో, ఒకే బిగువుతో చేయడం మాత్రం ఇంట్లో అయ్యే పని కాదు.

నేను తీసుకున్న యంత్రం కొమాట్సు డి65 తరగతిది. జపాన్ యంత్రమే అయినా ట్రాక్ పిచ్ మాత్రం నికరంగా 8 అంగుళాలు. ఈ అంగుళాల పిచ్చే మనకి కలిసొస్తుంది. 08బి రోలర్ చైన్ పిచ్ అర అంగుళం, 12.7 మి.మీ. 8 అంగుళాల్లో అర అంగుళాలు పదహారు, కాబట్టి స్కేల్ 1/16, శేషం సున్నా. డి85 తరగతి పిచ్ ఎనిమిదిన్నర అంగుళాలు, దానికి అదే చైన్‌తో 1/17. డి155కి 9 అంగుళాలు, 1/18. పెద్ద మోడల్ కావాలంటే 15.875 మి.మీ. పిచ్ ఉన్న 10బి చైన్‌తో డి65 స్కేల్ 1/12.8 అవుతుంది. వినడానికి వింతగా ఉన్నా తప్పేమీ లేదు, కానీ పక్కన పెట్టడానికి ఆ స్కేల్‌లో ఇంకేమీ దొరకవు. 1/16లో బ్రూడర్ బొమ్మ లారీలు దొరుకుతాయి. డ్రైవర్ బొమ్మ కూడా లెక్కకి సులువు: 1.7 మీటర్ల మనిషి 106 మి.మీ. అవుతాడు.

100, 125 సీసీ బైకుల్లో ఎక్కువగా వచ్చే 428 చైన్ పిచ్ కూడా 12.7 మి.మీ.నే. జె.సి. రోడ్డు స్పేర్ల అంగళ్ళలో ఎంత కావాలంటే అంత దొరుకుతుంది. గుజరీలో, అంటే పాత సామాన్ల బజారులో, పాతది తూకానికే వస్తుంది, కానీ తీసుకోకండి. ఒక శాతం సాగిన చైన్ అంటే నలభై లింకులకి 5 మి.మీ. తేడా. పైగా రెండు వైపులా ఒకేలా సాగి ఉండదు, బండి ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది. నేను వాడింది 08బిలో కె1 రకం, ప్రతి లింకుకీ రెండు పక్కలా పలకలా వంగిన చెవులు ఉంటాయి. కన్వేయర్ చైన్లు అమ్మే అంగళ్ళలో అడగాలి. "ప్రతి లింకుకీ చెవి కావాలి" అని నొక్కి చెప్పాలి, లేకపోతే లింకు విడిచి లింకుకి చెవి ఉన్నది చేతిలో పెడతారు.

ఇక అసలు కొలతలు. ఈ కుటుంబంలో డి65ఈ-12 అనే మోడల్‌కి కంపెనీ పత్రంలో ఉన్న అంకెలివి: రెండు ట్రాకుల నడిమి దూరం 1880 మి.మీ., నేల మీద ఆనే పొడవు 2675, షూ (ట్రాక్ లింకుకి బిగించిన, నేలకి ఆనే పలక) వెడల్పు 510, ఒక్కో పక్క 39 షూలు, గ్రౌజర్ (షూ మీద నేలని పట్టుకునే నిలువు పట్టీ) ఎత్తు 65, ఒక్కో పక్క ట్రాక్ మీద బండి బరువు మోసే రోలర్లు ఏడు. ఇలాంటి పత్రం చేతికొస్తే ముందు దాన్నే పరీక్షించాలి. 2675ని 510తో, మళ్ళీ రెండుతో గుణిస్తే 27,28,500 చదరపు మి.మీ. పత్రంలో నేలకి ఆనే వైశాల్యం 27,285 చదరపు సెం.మీ. అని ఉంది. సరిపోయింది, అంటే ఆ రెండు కొలతలూ ఒకే యంత్రానివి. రకరకాల మోడళ్ళ అంకెలు కలగాపులగం చేసిన పత్రాలు చాలా తిరుగుతుంటాయి, ఈ ఒక్క గుణకారంతో అవి దొరికిపోతాయి.

పత్రంలో లేనివి టేపుతోనే కొలవాలి. బెంగళూరులో ఎటు చూసినా జేసీబీలే, డోజర్ కావాలంటే ఊరి బయట క్వారీల వైపో, లేఅవుట్ చదును చేస్తున్న చోటికో వెళ్ళాలి. వంద కిలోమీటర్ల దూరంలో కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో బీఈఎంఎల్ డోజర్లు తయారు చేస్తుంది. కొమాట్సు సాంకేతికతతో మొదలైన యంత్రాలు కాబట్టి ఇక్కడి క్వారీల్లో కనిపించే ఆ కంపెనీ 'బీడీ' రకం డోజర్ల కింది భాగం పోలికలు అవే. ఆపరేటర్ భోజనానికి దిగినప్పుడు అనుమతి అడిగి, ఇంజన్ ఆపి, బ్లేడు నేలకి దించి ఉంటేనే దగ్గరికి వెళ్ళాలి. ఎత్తి ఉన్న బ్లేడు కిందికి కొలత కోసం చేయి పెట్టొద్దు.

పని చేసిన యంత్రం కొలతలు అరిగిన కొలతలు. పిచ్‌ని ఒక్క లింకు మీద కొలవకుండా నాలుగు లింకులు కలిపి కొలిచి భాగించాలి. కొత్తదైతే నాలుగింటికి 812.8. టేపులో 820 వచ్చిందంటే అది డిజైన్ కాదు, పిన్నూ బుష్షూ అరిగిన అరుగుదల. గ్రౌజర్ కూడా అంతే, కొత్తదానికి 65 ఉండాల్సింది రాతినేల మీద తిరిగిన బండికి సగమే మిగిలి ఉండొచ్చు. సగం అరిగిన గ్రౌజర్‌ని అచ్చంగా కుదించి చేస్తే బండి టైరు అరిగిన ఆటోలా కనిపిస్తుంది.

హుడ్డు వాలు, క్యాబిన్ స్తంభాల వంపు లాంటివి ఫోటో నుంచి తీసుకోవాల్సిందే. ఇక్కడ అందరం చేసే తప్పు దగ్గర నిలబడి తీయడం. హుడ్డు నడిమి గీత, మనకి దగ్గరగా ఉన్న షూ అంచు కంటే దాదాపు 1.2 మీటర్లు వెనక ఉంటుంది. 5 మీటర్ల నుంచి తీస్తే హుడ్డు 6.2 మీటర్ల దూరంలో ఉన్నట్టు, అంటే ట్రాక్‌తో పోలిస్తే 19 శాతం చిన్నగా పడుతుంది. 30 మీటర్లు వెనక్కి వెళ్ళి జూమ్ చేసి తీస్తే ఆ తేడా 4 శాతానికి దిగుతుంది. ఆ నాలుగు కూడా లెక్కలో కలుపుకోవాలి. ఫోటోలో కొలబద్దగా ట్రాక్ పిచ్‌నే వాడాలి. తిన్నగా ఉన్న పై వరుసలో పది లింకులు ఎన్ని పిక్సెళ్ళో లెక్కపెట్టి 2032తో పోల్చాలి.

కొలతలన్నిటికీ నాలుగు నిలువు వరుసల పట్టిక రాసుకున్నాను: అసలు కొలత, పదహారో వంతు, నేను పెట్టబోయే కొలత, ఎందుకు మార్చానో. నాలుగో వరుస రాయకపోతే నెల తర్వాత మనం రాసిన అంకె మనకే అర్థం కాదు. 1880కి 117.5, అలాగే ఉంచాను. 510కి 31.875, 32 చేశాను. 65కి 4.06, 4 చేశాను. గుండ్రం చేయడంలో తప్పు లేదు, కానీ గుండ్రం చేసిన వాటిని ఒకదానికొకటి కూడకూడదు. రోలర్ల మధ్య దూరం 340 అనుకుందాం, పదహారో వంతు 21.25. దాన్ని 21 చేసి వరసగా పెట్టుకుంటూ పోతే ఆరు ఖాళీలకి ఒకటిన్నర మిల్లీమీటరు పోతుంది, చివరి రోలర్‌కీ ఐడ్లర్‌కీ (ట్రాక్‌ని ముందు కొసన తిప్పే ఉత్త చక్రం) మధ్య చూపుకి తెలిసేంత సందు పడుతుంది. అందుకే పొడవు కొలతలన్నీ స్ప్రాకెట్ (ట్రాక్‌ని లాగే పళ్ళ చక్రం) నడిమి నుంచి, వెడల్పు కొలతలన్నీ బండి నడిగీత నుంచి, ఎత్తులన్నీ నేల నుంచి. ప్రతి రంధ్రానికీ మొదటి చుక్క నుంచే దూరం రాయాలి, పక్క రంధ్రం నుంచి కాదు.

డ్రాయింగ్‌ని ప్రింట్ తీయించి రేకు మీద అంటించి కోసేవాళ్ళకి ఒక మాట. జెరాక్స్ అంగట్లో ప్రింటర్ 'పేజీకి సరిపెట్టు' అనే చోట టిక్ ఉంటే బొమ్మ నాలుగు శాతం దాకా కుంచించుకుపోతుంది. ప్రతి కాగితం మీద 200 మి.మీ. గీత ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా గీసి ఉంచాలి. చేతిలోకి రాగానే స్టీల్ స్కేల్‌తో ఆ రెండూ కొలవాలి. 192 ఉంటే ఆ కాగితం అక్కడే చించేయండి.

ఇప్పుడు ట్రాక్ లెక్క. ఈ పనిలో అసలు మెలిక ఇక్కడే ఉంది.

అసలు యంత్రంలో 39 లింకులు. రోలర్ చైన్‌లో లోపలి లింకు, బయటి లింకు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, కాబట్టి గుండ్రంగా కలపాలంటే మొత్తం సరి సంఖ్యే కావాలి. డోజర్ లింకులన్నీ ఒకే అచ్చు, ఒక కొస వెడల్పు, ఒక కొస ఇరుకు, అందుకే అక్కడ 39 కుదురుతుంది. మనకి మూడు దారులు: వంకర లింకు (ఒక కొస లోపలి లింకులా, ఒక కొస బయటి లింకులా ఉండేది) ఒకటి వేసి 39నే ఉంచడం, 38కి దిగడం, 40కి పెరగడం. వంకర లింకుకి చెవులున్నది దొరకదు, ఆ ఒక్క షూ ఊడుతూనే ఉంటుంది. 40 తీసుకున్నాను. 40ని 12.7తో గుణిస్తే 508 మి.మీ.

ఆ అదనపు లింకుని ఎక్కడ దాచాలి? నడిమి దూరంలోనే కలిపేస్తే బండి సాగినట్టు కనిపిస్తుంది. లెక్క ఇలా: చైన్ పొడవులోంచి రెండు చక్రాల పిచ్ వ్యాసాల (చైన్ పిన్నుల నడిమి గీత వ్యాసాల) మొత్తంలో సగాన్ని 3.1416తో గుణించి తీసేయాలి, మిగిలినదాన్ని రెండుతో భాగిస్తే స్ప్రాకెట్‌కీ ఐడ్లర్‌కీ నడిమి దూరం వస్తుంది. రెండు వ్యాసాలు దగ్గరగా ఉన్నప్పుడు ఇంతకంటే సూక్ష్మం అక్కర్లేదు. 13 పళ్ళ స్ప్రాకెట్ పిచ్ వ్యాసం 53.07, ఐడ్లర్ స్కేల్ ప్రకారం 47.4. నడిమి దూరం 175.1 వచ్చింది. ఉండాల్సింది 2675లో పదహారో వంతు, 167.2. దాదాపు 8 మి.మీ. ఎక్కువ, అసలు యంత్రంలో అయితే 126 మి.మీ. 14 పళ్ళదైతే పిచ్ వ్యాసం 57.07. దానితోపాటు ఐడ్లర్‌ని 51కి పెంచితే నడిమి దూరం 169.1కి దిగింది. తేడా 2 మి.మీ. లోపే. స్కేల్ కంటే స్ప్రాకెట్ రెండు, ఐడ్లర్ మూడున్నర మిల్లీమీటర్లు పెద్దవైనది ఎవరి కంటికీ ఆనదు, ఎందుకంటే వాటి అంచుని చైన్ కప్పేస్తుంది. పొడవు తేడా మాత్రం పక్క నుంచి చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

స్ప్రాకెట్ దగ్గర ఇంకో సంగతి. ఈ తరగతి డోజర్ స్ప్రాకెట్‌కి 27 పళ్ళు ఉంటాయి, కానీ లింకు పిచ్‌కి రెండేసి పళ్ళు వస్తాయి. ఒక చుట్టుకి 13న్నర లింకులు నడుస్తాయి. ఒక చుట్టులో పని చేసిన పళ్ళు తర్వాతి చుట్టులో ఖాళీగా ఉంటాయి, అరుగుదల సమంగా పంచుకుంటాయి. దీన్ని మోడల్‌లో దించాలని ఒక రోజంతా గీసి చూశాను, కుదరదు. 27 పళ్ళు కావాలంటే పన్ను పన్నుకీ మధ్య 6.35 మి.మీ. ఉండాలి, 08బి రోలర్ వ్యాసమే 8.51. గుంతలు ఒకదాన్నొకటి కొరికేస్తాయి. అదే 8.51ని పదహారుతో గుణిస్తే 136 మి.మీ. అవుతుంది, అసలు ట్రాక్ బుష్షు అంత లావు ఉండదు. పిచ్ కలిసిందని చైన్‌లో అన్నీ కలిసినట్టు కాదు. అందుకని 14 పళ్ళ మామూలు స్ప్రాకెట్, దాని బయటి ముఖం మీద 27 పళ్ళ పలుచటి రేకు అలంకారంగా. బయటి నుంచి 27 కనిపిస్తాయి, లోపల 14 లాగుతాయి.

ఐడ్లర్ లేత్‌కి ఇచ్చేటప్పుడు నేను చేసిన తప్పు రాయకుండా వదిలేయలేను. డ్రాయింగ్‌లో 51 అని ఉంది, 51కే తిప్పించాను. 51 అనేది పిన్నుల నడిమి గీత వ్యాసం, చక్రం అంచుది కాదు. చైన్ ప్లేట్ల అంచు మీద నడిచే ఐడ్లర్‌కి ప్లేటు ఎత్తు 11.8 తీసేయాలి, అంటే 39.2. ప్లేట్ల మధ్య దూరి రోలర్ల మీద నడిచేదైతే 8.51 తీసేసి 42.5. 51కే తిప్పిస్తే నడిమి గీత 62.8కి పోయి చైన్‌కి 18 మి.మీ. పైగా, దాదాపు లింకున్నర, తక్కువ పడింది. రెండు ఐడ్లర్లూ మళ్ళీ చేయించాను. లేత్ దగ్గర ఇంకో తిరకాసు కొలతల భాష. పెద్ద టర్నర్లు ఇప్పటికీ నూళ్ళలో మాట్లాడతారు, అంగుళానికి ఎనిమిది నూళ్ళు. "మూడు నూళ్ళు అంటే సరిపోతుందా అన్నా?" అంటే తలూపకండి, అది 9.5 మి.మీ. వెర్నియర్ జేబులో పెట్టుకుని వెళ్ళి, ముక్క లేత్ మీద ఉండగానే కొలవాలి.

షూలు 2 పక్కలకీ కలిపి 80. ఒక్కోటి 32 మి.మీ. వెడల్పు, 12.2 మి.మీ. పొడవు, 1.6 మి.మీ. రేకు. పిచ్ 12.7లో అర మిల్లీమీటరు సందు వదిలాను. అది లేకపోతే పై వరుస వేలాడినచోట షూలు ఒకదానికొకటి తగిలి చైన్ కర్రలా బిగుసుకుంటుంది. గ్రౌజర్ 4 మి.మీ. ఎత్తు పట్టీ, ఇత్తడి అతుకుతో. అతుకు షూ చైన్‌కి ఎక్కకముందే వేయాలి, చైన్ మీద వేడి పెడితే పిన్నులు మెత్తబడతాయి. కె1 చెవి రంధ్రం 4 మి.మీ. పైనే ఉంటుంది, అందులో ఎం4 బోల్టు వేస్తే తల 7 మి.మీ., అసలు యంత్రం మీద 112 మి.మీ. బోల్టు తల అన్నమాట. బోల్టుల విషయంలో స్కేల్‌ని పూర్తిగా పాటించలేం, 20 మి.మీ. బోల్టు 1.25 అవుతుంది, దాన్ని బిగించే పానా ఎక్కడ తెస్తాం. రాజీ మార్గం: చెవి రంధ్రంలో ఇత్తడి ముక్క కొట్టి, 1.6 బిట్టుతో తొలిచి, ఎం2 మర తీశాను. షూకి రెండు చొప్పున 160 మరలు. నాలుగు ట్యాపులు విరిగాయి. నూనె చుక్క వేసి, సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి, అంతకన్నా దగ్గరి దారి లేదు.

రోలర్లకి బేరింగ్ పెట్టాలని అందరికీ ఉంటుంది. స్కేల్ ప్రకారం రోలర్ వ్యాసం 12, 13 మి.మీ. దరిదాపు, 10 మి.మీ. బయటి వ్యాసం ఉన్న 623 బేరింగ్ అందులో పడుతుంది కూడా. కానీ ఇసుకకి స్కేల్ లేదు. ఎం-సాండ్‌లో 4.75 మి.మీ. దాకా రవ్వ ఉంటుంది, మోడల్ దృష్టిలో అది 76 మి.మీ. కంకర. అందులోని మెత్తటి పొడి బేరింగ్‌ని కొద్ది గంటల్లోనే తినేస్తుంది. 3 మి.మీ. ఉక్కు ఇరుసు మీద గన్‌మెటల్ బుష్షు పెట్టాను. శబ్దం చేస్తుంది, కానీ తిరుగుతుంది, అరిగితే మార్చుకోవచ్చు.

వెడల్పు దగ్గర స్కేల్ నిజంగా గొంతు పట్టుకుంటుంది. 117.5లోంచి 32 పోతే రెండు ట్రాకుల మధ్య 85.5. రెండు పక్కలా 2 మి.మీ. ఫ్రేము, షూ తగలకుండా ఒకటిన్నర సందు తీస్తే లోపల 78.5. ఎస్.పి. రోడ్డులో దొరికే 37 మి.మీ. వ్యాసం గేర్ మోటార్ పొడవు గేర్‌బాక్స్‌తో కలిపి 55 నుంచి 60. వీపుకి వీపు ఆనించి రెండు పెట్టే ఆశ వదులుకోవాల్సిందే. ఎల్ ఆకారపు చిన్న వార్మ్ మోటార్లు సులువుగా పడతాయి, వాలు మీద జారకుండా పట్టి ఉంచుతాయి కూడా, కానీ మట్టి నెట్టే బలం వాటికి చాలదు. నేను 37 మి.మీ.వే రెండూ అడ్డంగా, ఒకటి స్ప్రాకెట్ ఇరుసు ముందు, ఒకటి సరిగ్గా పైన పెట్టాను. మాడ్యూల్ 1 (పంటి సైజు) గేర్లు, మోటార్ మీద 20 పళ్ళు, ఇరుసు మీద 40. నడిమి దూరం 30 మి.మీ. ముందున్న మోటార్‌కీ పైనున్న మోటార్‌కీ మధ్య 42.4 మి.మీ. వస్తుంది, 37 వ్యాసానికి ఐదు మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. పైది డీజిల్ ట్యాంకు పెట్టెలో దాగిపోతుంది.

వేగం కూడా పదహారుతోనే భాగించాలి. మొదటి గేర్‌లో డోజర్ గంటకి సుమారు 4 కిలోమీటర్లు, అంటే సెకనుకి 1.11 మీటర్లు. మోడల్‌కి సెకనుకి 69 మి.మీ. స్ప్రాకెట్ ఒక చుట్టుకి 14 లింకులు, 177.8 మి.మీ. నిమిషానికి 23, 24 చుట్లు సరిపోతాయి. గేర్ల తర్వాత 40 చుట్లు వచ్చేలా నిమిషానికి 80 చుట్ల మోటార్ తీసుకున్నాను. పూర్తి వేగం అసలు యంత్రంలో గంటకి 6.8 కిలోమీటర్లకి సమానం, మిగతాది రిమోట్‌తో తగ్గించుకోవచ్చు. 200 చుట్ల మోటార్లు పెట్టిన మోడళ్ళు చూశాను, అవి డోజర్లు కావు, పరిగెత్తే ఎలుకలు.

బరువు మాత్రం పదహారుతో భాగిస్తే రాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కనుక 4096తో భాగించాలి. యంత్రం 20 టన్నులు అనుకుంటే మోడల్ 4.9 కిలోలు. నేలకి ఆనే వైశాల్యం మాత్రం 256 రెట్లే తగ్గుతుంది. ఫలితం ఏమిటంటే అసలు యంత్రం చదరపు సెం.మీ.కి 0.73 కిలో ఒత్తిడితో నేలని పట్టుకుంటే మోడల్ 0.046తో పైపైన తేలుతుంది. బ్లేడు మట్టికి తగలగానే ముక్కు పైకి లేస్తుంది, ట్రాకులు ఊరికే గీరుకుంటాయి. అందుకే బరువు విషయంలో స్కేల్‌ని కావాలనే వదిలేశాను: ఉక్కు ఫ్రేము, ఇంజన్ స్థానంలో సీసం ముక్కలు, మొత్తం 7 కిలోలు. అయినా అసలు ఒత్తిడిలో పదకొండో వంతే. 7 కిలోలకి లాగుడు గుణకం 0.8 వేస్తే 5.6 కిలోలు. మలుపులో ఆ భారమంతా ఒకే ట్రాక్ మీద పడుతుంది, 2.85 సెం.మీ. వ్యాసార్ధానికి 16 కిలో-సెం.మీ. చైన్ రాపిడికి ఇంకో సగం కలిపి 24. మోటార్ దగ్గర 15 ఉంటే గేర్ల తర్వాత దాదాపు 30, సరిపోతుంది. సీసం ఎక్కడ పెట్టాలో రెండు వంటింటి తూకాలతో తేల్చాను, బ్లేడు ఎత్తి ముందు రోలర్ కింద ఒకటి, వెనక రోలర్ కింద ఒకటి. ముందు తూకం కాస్త ఎక్కువ చూపాలి.

రేకు పని బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో లేజర్ కోతకి ఇచ్చాను. మందం స్కేల్‌లో రాదు, 4 మి.మీ. హుడ్డు రేకు పావు మిల్లీమీటరు అవుతుంది, అది అగరబత్తి డబ్బాలా నొక్కుకుపోతుంది. 1 మి.మీ. వాడి, కనిపించే అంచుల్ని లోపలి నుంచి ఆకురాయితో ఏటవాలుగా పలుచన చేశాను. వంపుల లెక్క మరిచిపోవద్దు. 1 మి.మీ. రేకు 1 మి.మీ. వ్యాసార్ధంతో నిలువుగా వంచితే ఒక్కో వంపుకి సుమారు 1.8 మి.మీ. తక్కువ కోయాలి. రెండు వంపుల హుడ్డుకి 3.6, మరిచిపోతే అసలు యంత్రం మీద 58 మి.మీ. లావైన హుడ్డు. రేకు మందం కంటే చిన్న రంధ్రాలు లేజర్‌తో వేయించకండి, అంచు కాలి గట్టిపడి బిట్టు విరుగుతుంది. నడిమి చుక్క మాత్రం వేయించుకుని ఇంట్లో తొలుచుకోవాలి.

బ్లేడు వెడల్పు సుమారు 3.4 మీటర్లు, 212.5 మి.మీ. దాని వంపు వ్యాసార్ధం ఏ పత్రంలోనూ ఉండదు. పై అంచు నుంచి కింద వరకు దారం లాగి పట్టి, నడిమిలో దారానికీ బ్లేడుకీ లోతు కొలవాలి. దారం పొడవు 1000, లోతు 120 అయితే: వెయ్యి వర్గాన్ని 8 ఇంతల 120తో భాగించి, 120లో సగం కలిపితే 1102. పదహారో వంతు 69. 140 మి.మీ. పీవీసీ పైపు వ్యాసార్ధం 70, అచ్చు దొరికినట్టే అనిపిస్తుంది. కానీ రేకు వంచి వదిలితే కొంత వెనక్కి విచ్చుకుంటుంది. 110 పైపు మీద వంచి, 140 పైపు మీద పెట్టి సరిచూశాను. ఉక్కు పైపు అయితే ఇంకా మంచిది, పీవీసీ సుత్తి దెబ్బకి సొట్ట పడుతుంది.

బ్లేడు ఎత్తే సిలిండర్లు ఉత్తుత్తివే, ఒకదాంట్లో ఒకటి జారే ఇత్తడి గొట్టాలు. 110 మి.మీ. సిలిండర్ 7 మి.మీ. అవుతుంది, అందులో పట్టే మరమోటార్ లేదు. ఎత్తే పని హుడ్డు లోపల ఎన్20 అనే చిన్న గేర్ మోటార్, ఎం3 మరకడ్డీ చేస్తాయి. ఇక్కడ జాగ్రత్తంతా పిన్నుల వదులు మీద. ఒక్కో పిన్నుకి 0.1 మి.మీ. వదులుంటే అసలు యంత్రంలో 1.6 మి.మీ. నాలుగు కీళ్ళు దాటి, చేయి పొడవుతో పెరిగి, బ్లేడు కొస దగ్గర అది ఒక మిల్లీమీటరు పైనే అవుతుంది. చదును చేసిన నేల అలలు అలలుగా వస్తుంది. రంధ్రాలు 2.9కి తొలిచి, 3 మి.మీ. రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి నున్నగా చేసే పనిముట్టు) తిప్పి, అదే మందం ఉక్కు కడ్డీ వేయాలి. డ్రిల్లుతో నేరుగా 3 తొలిస్తే రంధ్రం ఎప్పుడూ కాస్త పెద్దదే అవుతుంది.

ఐడ్లర్ ఇరుసుకి ముందుకీ వెనక్కీ 3 మి.మీ. జారే గాడి ఉంచాను. మొదట అసలు యంత్రంలా బిగువుగా, ఒకటిన్నర మిల్లీమీటరు వేలాడేలా బిగించాను. మోటార్లు మూలిగాయి, ఎం-సాండ్‌లో రెండు నిమిషాలకే చైన్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్య రవ్వలు ఇరుక్కుని ఎడమ ట్రాక్ ఆగిపోయింది. 4 మి.మీ. వేలాడేలా వదిలితే రవ్వలు రాలిపోయాయి. 6కి వదిలితే వెనక్కి మలుపు తిరిగేటప్పుడు చైన్ పళ్ళ మీదికి ఎక్కింది. ప్రస్తుతం 4 దగ్గరే ఉంది. చైన్‌కి నూనె వేయడం లేదు, తడి చైన్‌కి ఇసుక అంటుకుంటుంది. ఆట అయ్యాక కుంచెతో దులిపి, ఎండు గ్రాఫైట్ పొడి చల్లుతున్నాను.